బావ లెక్కలో ఐదు సెకన్లు

మా బావ ట్రాఫిక్ సిగ్నల్ మీద ఫిర్యాదు రాసిన మనిషి. సిగ్నల్ పనిచేయడం లేదని కాదు, అబద్ధం చెబుతోందని. మా వీధి చివరి కూడలిలో ఎర్రదీపం పక్కన అరవై నుంచి అంకెలు తగ్గుతూ వస్తాయి. ఆ అరవైలో నలభై కూడా పూర్తిగా ఇవ్వడం లేదనీ, లోపల ఎవరో అంకెల్ని తొందరపెడుతున్నారనీ, రోడ్డు దాటే ముసలివాళ్ళ ప్రాణాలకి పూచీ ఎవరనీ రెండు పేజీలు రాసి మున్సిపల్ ఆఫీసుకి పంపాడు. మూడు వారాలకి జవాబొచ్చింది. "పరిశీలించాం. సరిగ్గానే ఉంది." అంతే.

"చూశావా, ఒక్క ముక్కలో తేల్చేశారంటే ఏదో ఉంది," అన్నాడు బావ.

"అదే రెండు పేజీలు రాసుంటే?" అన్నాను.

"అప్పుడైతే కచ్చితంగా ఉన్నట్టే."

అనుమానం పెనుభూతం అంటారు. మా అక్క ఆ భూతాన్నే కట్టుకుని ముప్పై ఏళ్ళుగా కాపురం చేస్తోంది. డాక్టర్ దగ్గరికి వెళితే జేబులో సొంత థర్మామీటర్ పెట్టుకుని వెళతాడు. లిఫ్టులో "ఎనిమిది మంది" అని రాసి ఉంటే ఐదుగురు ఎక్కగానే దిగిపోతాడు. మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు, కూర్చోమంటే ముందు వంగి కుర్చీ కాళ్ళు చూశాడట. ఆ కథ చెప్పి మా నాన్న చాలాకాలం నవ్వాడు. ఈ మధ్య బావకి దర్జీతో తగువు. చొక్కాలకి కాజాలు కావాలని చిన్నవి కుడుతున్నాడట, గుండీలు దూరడం లేదట. పాతికేళ్ళ నుంచీ కుడుతున్న దర్జీ, పాపం, టేపు తెచ్చి కొలిచి చూపించాడు. ఆ టేపు మీద కూడా బావకి అనుమానమే.

నిజం చెప్పాలంటే, ఆయన గురించి రాయాలని కూర్చున్నది తిట్టిపోయడానికే. ఆయన నన్ను కూడా అనుమానించాడు. పదకొండేళ్ళు పక్కన కూర్చుని పనిచేసిన సొంత మరదల్ని, నలుగురి ముందు. రాస్తూ పోతే కథ వేరే దారి పట్టింది. అది నా తప్పు కాదు.

ముందు ఆ అనుమానం ఎక్కడ పుట్టిందో చెప్పాలి, లేకపోతే ఆయనకి అన్యాయం చేసినదాన్నవుతాను. బావకి ఇరవై ఏళ్ళప్పుడు వాళ్ళ అన్నా ఆయనా ఒకే కార్ఖానాలో పనిచేసేవాళ్ళు. ఒకరోజు క్రేన్ కొక్కెం విరిగి దానికి వేలాడుతున్న దూలం అన్న కాలు మీద పడింది. మోకాలి కింద ఏమీ మిగల్లేదు. తర్వాత బావ ఆ విరిగిన కొక్కెం ఏరి తెచ్చి చూశాడు. దాని మీద "పరీక్షించాం" అని ముద్ర ఉంది, తేదీ ఉంది, సంతకం ఉంది. ఆ తేదీన కార్ఖానాకి సెలవు. ఎవడో కుర్చీలో కూర్చుని ముద్ర గుద్దేశాడు. ఆ కొక్కెం ముక్క ఇప్పటికీ ఆయన బల్ల మీద ఉంటుంది. ఆ రోజు నుంచీ ఎవరి ముద్రనీ నమ్మలేదు, ఒక్క తన చేతిని తప్ప.

ఆయన చెయ్యి చేసే పని కూడా నమ్మకానికి సంబంధించిందే. మాది అణు విద్యుత్ కేంద్రం. దాని నడిబొడ్డున ఒక పెద్ద ఉక్కు పాత్ర ఉంటుంది, వేడి పుట్టేది దాని లోపలే. పనివాళ్ళం దాన్ని కుండ అంటాం. కేంద్రంలో పంపుల్ని మార్చొచ్చు, గొట్టాల్ని మార్చొచ్చు, పెద్దసారుని కూడా మార్చొచ్చు. కుండని మార్చలేం. దాని ఆయుష్షెంతో కేంద్రం ఆయుష్షంత.

ఆ కుండ గోడని లోపల్నించి న్యూట్రాన్లు ఏళ్ళ తరబడి కొడుతూనే ఉంటాయి. కంటికి కనపడవు, చప్పుడు చెయ్యవు. వాటి దెబ్బలకి ఉక్కులోని పరమాణువులు చోటు తప్పి, ఒకదానికొకటి అడ్డం పడి ఇరుక్కుంటాయి. దాంతో ఉక్కు బలహీనపడుతుందనే ఎవరైనా అనుకుంటారు. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే అనుకున్నాను. కాదు, బలపడుతుంది. లాగి చూస్తే ఇదివరకటికన్నా ఎక్కువ బరువు ఆపుతుంది. గీస్తే గీత పడదు. పోయేది సాగే గుణం. దెబ్బ తగిలితే కాస్త వంగి ఓర్చుకునే ఉక్కు, వంగడం మరిచిపోయి ఒక్కసారిగా విరుగుతుంది.

"బలం పెరిగిందని సంతోషించేవాడు మేనేజరు, ఓర్పు ఎంత పోయిందని అడిగేవాడు పనివాడు," అనేవాడు బావ. ఆయన మాటల్లో నాకు నచ్చినది అదొక్కటే.

ఇంకో సంగతి. మా కుండ ఉక్కు ఎటూ బాగా చల్లబడితే పెళుసవుతుంది. రేడియేషన్ తిన్నకొద్దీ అంత చల్లబడక్కర్లేకుండానే పెళుసవుతుంది. ఆ మలుపు ఎన్ని డిగ్రీల దగ్గర వస్తోందో తెలియకపోతే ప్రమాదం. వేడితో, ఒత్తిడితో నిండిన కుండలోకి ఎప్పుడైనా ఉన్నపళాన చల్లనీళ్ళు వదలాల్సి వస్తే ఆ గోడ ఓర్చుకోవాలి. అందుకని కుండని ఎంత నెమ్మదిగా వేడెక్కించాలి, ఎంత నెమ్మదిగా చల్లార్చాలి అనే హద్దులన్నీ ఆ మలుపుని బట్టే గీస్తారు.

ఆ మలుపు కోసం కుండనే విరగ్గొట్టి చూడలేం కదా. అందుకే కుండ తయారైన రోజునే అదే ఉక్కులోంచి వేలెడేసి ముక్కలు కోసి, గొట్టాల్లో మూసి, గోడ పక్కనే లోపల వేలాడదీశారు. కుండ తిన్న దెబ్బలే అవీ తింటాయి. కొన్నేళ్ళకొక గొట్టాన్ని బయటికి తీసి, అందులోని ముక్కల్ని ఒక్కొక్కటిగా విరగ్గొడతాం. అదీ మా బావ పని. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఉక్కు ముక్కలు విరగ్గొట్టి ఇల్లు నడిపాడు.

ఆ ముక్కల్లోంచి రేడియేషన్ వస్తుంది కాబట్టి చేత్తో ముట్టుకోకూడదు. మందపాటి గోడల గదిలో ఉంటాయి, మేం సీసం కలిపిన గాజు కిటికీకి ఇవతల ఉంటాం. గోడలోంచి లోపలికి రెండు మరచేతులు ఉంటాయి. ఇవతల మన చెయ్యి ఎలా కదిలితే అవతల అవీ అలా కదులుతాయి. ముక్కని ముందు చల్లటి తొట్టిలో కావలసినంత చల్లబరచాలి. తర్వాత మరచేత్తో తీసి, రెండు దిమ్మెల మధ్య నిలబెట్టి, పైనున్న లోలకం సుత్తిని వదలాలి. సుత్తి ఊగుతూ వచ్చి ముక్కని విరగ్గొట్టి ముందుకి పోతుంది. విరగడానికి ఎంత శక్తి పట్టిందో సూది చెబుతుంది. తక్కువైతే పెళుసు, ఎక్కువైతే ఇంకా ఓర్పు ఉన్నట్టు.

తొట్టిలోంచి తీసిన ఐదు సెకన్లలోపు సుత్తి పడాలి. ఆలస్యమైతే గది వేడికీ మరచేతి వేడికీ ముక్క కాస్త వెచ్చబడుతుంది. వెచ్చబడ్డ ముక్క లేని ఓర్పు ఉన్నట్టు నటిస్తుంది.

బావ గడియారం చూడడు. "కన్ను ముక్క మీద ఉంచాలా, గడియారం మీద ఉంచాలా?" అంటాడు. నోటితో లెక్కపెడతాడు. ఒకటికి ముక్క తొట్టిలోంచి లేస్తుంది, రెండుకి గాల్లో ఉంటుంది, మూడుకి దిమ్మెల మీద, నాలుగుకి సర్దుకుంటుంది, ఐదు అనేలోపు సుత్తి జారుతుంది. పాట పాడినట్టుంటుంది. కొత్తవాళ్ళకి చూపించడానికి పెద్దసార్లు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు.

నా పని సూది చదివి రాయడం. కాగితంలో చివరి గడి, "ఐదు సెకన్లలోపు కొట్టారా?" అవును, కాదు అని రెండు పెట్టెలు. పదకొండేళ్ళుగా నేను అవును దగ్గరే టిక్కు పెట్టాను. బావ ఐదు అనకముందే సుత్తి పడేది మరి.

ఈ సంవత్సరం కొత్త గొట్టం తీశారు. తొమ్మిదేళ్ళ తర్వాత తీసిన గొట్టం, ఇరవై నాలుగు ముక్కలు. బావ ఉద్యోగం ఇంకో రెండు నెలలు. పద్దెనిమిది విరగ్గొట్టి, ఏ చల్లదనంలో ఎంత శక్తి పట్టిందో గ్రాఫు మీద గీత గీసి చూస్తే, తొమ్మిదేళ్ళ కిందటి గీత మీద సరిగ్గా కూర్చుంది. మా సెక్షన్ హెడ్డు మొహం వెలిగిపోయింది. ఆయన కొత్తగా వచ్చినవాడు, మంచివాడే, మంచివార్తల మీద ప్రేమ ఎక్కువ.

"మన కుండకి వయసే రావడం లేదండీ!" అన్నాడు.

"తొమ్మిదేళ్ళ తర్వాత అద్దంలో అదే మొహం కనిపిస్తే, ఎవరో అద్దం తీసి ఫోటో పెట్టారని అర్థం," అన్నాడు బావ. "మలుపులో మార్పు ఐదారు డిగ్రీలైనా ఉండాలి. నేను సంతకం పెట్టను."

ఆయన సంతకం లేనిదే నివేదిక కదలదు. కదిలితే పాత హద్దులే ఇంకో పదేళ్ళు నడుస్తాయి. అక్కా వాళ్ళ వంటింటి కిటికీలోంచి చూస్తే కేంద్రం కనిపిస్తుంది. ఆ కిటికీ దగ్గర నిలబడే అక్క రోజూ కూరలు తరుగుతుంది. ఆ హద్దులు నిజమా కాదా అన్నది మాకు కాగితం సంగతి కాదు.

ఇక మొదలైంది. ముందు తొట్టిలోని థర్మామీటర్ని అనుమానించాడు. స్టోరులోంచి ఇంకో మూడు తెప్పించి పక్కపక్కన ముంచాడు. నాలుగూ ఒకటే చెప్పాయి. నాలుగూ ఒకే కంపెనీవి అయ్యుంటాయని ఇంకో కంపెనీది తెప్పించాడు. అదీ అదే చెప్పింది. తర్వాత సుత్తిని అనుమానించాడు. ప్రమాణం ముక్కలని ఉంటాయి, ఇంత శక్తికి విరగాలని ముందే తెలిసినవి. మా దగ్గర ఉన్నవి గది వేడిలోనే విరగ్గొట్టే రకం, తొట్టితో పనిలేదు. సుత్తి పరీక్షలో నెగ్గింది.

తర్వాత గొట్టాన్ని కోసి ముక్కలు బయటికి తీసిన కటింగ్ మాస్టారి మీద పడ్డాడు.

"ముక్కలు ఇవేనా? కింద పడ్డాయని పాతవి కలిపేశావా?"

కటింగ్ మాస్టారు బావకన్నా ముందు ఉద్యోగంలో చేరినవాడు. "నీ అనుమానానికి మందు లేదు గానీ, ముక్కల మీద నంబర్లున్నాయి, చదువుకో," అని వెళ్ళిపోయాడు. బావ ఇరవై నాలుగు ముక్కల నంబర్లూ కిటికీలోంచి దుర్భిణి పెట్టి చదివాడు. సరిపోయాయి. కటింగ్ మాస్టారు మాత్రం రెండు వారాలు మా వైపు రాలేదు.

మిగిలింది నేను.

సెక్షన్ హెడ్డూ, మరో ఇద్దరూ ఉండగానే బావ అడిగాడు. "సూది చదివేది నువ్వే కదా. కళ్ళు ఎప్పుడు చూపించుకున్నావ్?"

"మొన్ననే. బాగానే ఉన్నాయన్నారు."

"కళ్ళు బాగుంటే మరీ కష్టం. పైవాళ్ళ మెప్పు కోసం ఒకటీ అరా కలుపుతున్నావేమోనని అనుకోవాల్సొస్తుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "బావా, ఇంకో మాటన్నారంటే ఈ కాగితాలు మీ మొహాన కొట్టి పోతాను. మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నాలుగో కాలు నేను తినేశానంటారా?"

ఎవరో నవ్వారు. బావ నవ్వలేదు. మర్నాడు నా పక్కన మరో మనిషిని కూర్చోబెట్టి, మామూలు ఉక్కు ముక్కలు విరగ్గొట్టి, ఇద్దరిచేతా వేరువేరుగా సూది చదివించాడు. ఇద్దరివీ ఒకే అంకెలు. క్షమాపణ చెబుతాడేమోనని చూశాను.

"అంటే ఇద్దరూ కూడబలుక్కున్నారన్నమాట," అన్నాడు.

ఆ రోజు నుంచీ ఆయనతో మాటలు మానేశాను. అక్క రాయబారం నడిపింది. "ఆయన సంగతి నీకు తెలియనిదా? నా చేతి వంట ముప్పై ఏళ్ళుగా తింటూ, ఇవాళ్టికీ మొదటి ముద్ద వాసన చూసి తింటారు," అంది. అది ఆయన తప్పుకి సంజాయిషీ ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు.

వారం తర్వాత నా స్కూటర్ పాడైంది. అక్క పోరు పడలేక బావ బండి వెనక ఎక్కాను, నోరు మెదపకుండా. కూడలిలో ఎర్రదీపం పడింది. అరవై. బావ లెక్క మొదలుపెట్టాడు. "ఒకటి... రెండు... మూడు..." ఆయన ముప్పై ఎనిమిది దగ్గరుండగా పచ్చదీపం వచ్చింది.

"చూశావా? దొంగ సిగ్నల్!" అన్నాడు వెనక్కి తిరిగి, నా అలకని కూడా మరిచిపోయి.

ఇన్నాళ్ళకి ఆయన్ని పట్టుకునే అవకాశం దొరికిందనిపించింది. మా ప్రయోగశాల సొరుగులో ఒక స్టాప్‌వాచ్ ఉంది. దాన్ని ఎవరూ వాడరు. ఏడాదికోసారి బయటికి తీసి, సరిగ్గా నడుస్తోందో లేదో పరీక్షించి, ముద్ర అంటించి, మళ్ళీ సొరుగులో పెడతారు. ఆ సాయంత్రం దాన్ని పుస్తకంలో రాసి మరీ తీసుకున్నాను. మర్నాడు పొద్దున్నే నడిచి కూడలికి వెళ్ళి, ఎర్రదీపానికి నొక్కి పచ్చదీపానికి ఆపాను. అరవై. మళ్ళీ చూశాను. అరవై. మున్సిపల్ ఆఫీసువాళ్ళు నిజంగానే పరిశీలించారు!

ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నలుగురి ముందు చెప్పాలి, సెక్షన్ హెడ్డు ముందు, కటింగ్ మాస్టారు ముందు, ఆ నవ్వినవాళ్ళ ముందు చెప్పాలి అనుకుంటూ కేంద్రం గేటు దాకా వచ్చాను. గేటు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

సిగ్నల్ దగ్గర ఆయన లెక్కా, సుత్తి దగ్గర లెక్కా ఒకటే పాట. అరవై ఆయనకి ముప్పై ఎనిమిదైతే, ఆయన ఐదు ఎంత? అరచేతిలో వేలితో గీసి చూసుకున్నాను. ఎనిమిదికి దగ్గర. ఎనిమిది సెకన్లు గాల్లో ఉన్న ముక్క ఎంత వెచ్చబడుతుందో నాకు తెలుసు. సరిగ్గా ఆ కనపడకుండా పోయిన ఐదారు డిగ్రీలు. మరి "అవును" దగ్గర టిక్కులు పెట్టింది ఎవరు? నేను.

ఆ ఉదయం బావ మామూలు ముక్కలు కొడుతుంటే, కోటు జేబులో చెయ్యి పెట్టి స్టాప్‌వాచ్ నొక్కాను. ఏడు పాయింట్ తొమ్మిది. ఇంకోసారి, ఎనిమిది పాయింట్ మూడు. అప్పుడు ఆయన చేతుల్ని చూశాను. పదకొండేళ్ళుగా పక్కనే ఉండి చూడటం మానేసిన చేతులు. కుడి చెయ్యి మరచేతిని పట్టుకుని ముందుకి వెళుతోంది, నీళ్ళలో కదిలినట్టు. పాట కూడా చేతితోపాటే నెమ్మదించింది. రెండూ కలిసే నెమ్మదించాయి కాబట్టి ఒకదాన్నొకటి పట్టివ్వలేదు.

"జేబులో ఏంటది?" అన్నాడు బావ, తిరక్కుండానే.

"ఏం లేదు."

"ఏం లేకపోతే చెయ్యి అక్కడెందుకుంది?"

చెయ్యి బయటికి తీసి సూది చూపిన అంకె రాసుకున్నాను. నలుగురి ముందు చెప్పాలన్న కోరిక అప్పటికే చచ్చిపోయింది.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాను. బావ స్నానం చేస్తున్నాడు. స్టాప్‌వాచ్ వంటింటి బల్ల మీద పెట్టి, అక్కకి అంతా చెప్పాను. అక్క కత్తి పక్కన పెట్టింది.

"కాజాలు చిన్నవి కాదే," అంది. "ఒక్కో గుండీకి ఎంతసేపు పడుతోందో నేను చూస్తూనే ఉన్నాను. నేను పెడతానంటే దర్జీని తిడతారు. దర్జీని తిట్టనీలే అనుకున్నాను. ఆయన్నాయన తిట్టుకోవడం కన్నా అదే నయమనుకున్నాను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "గురివింద గింజకి తన కింద నలుపు తెలియదంటారు. మనకి తెలుసు కదే, మనం చెప్పాలి కదా."

బావ తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. మా ఇద్దర్నీ చూశాడు. బల్ల మీది స్టాప్‌వాచ్ చూశాడు.

"ఇదా జేబులోది. ఎందుకు తెచ్చావ్?"

"మీరు ఐదు లెక్కపెట్టండి బావా. నేను నొక్కుతాను."

"నువ్వెందుకు? నేనే నొక్కుతాను."

ఎడమ చేత్తో వాచ్ పట్టుకుని, కుడి చెయ్యి గాల్లో మరచేతిని పట్టుకున్నట్టు ముందుకి చాచి, లెక్కపెట్టాడు. ఐదు. నొక్కాడు. చూశాడు. ఎనిమిది పాయింట్ ఒకటి.

"ఈ వాచ్ తప్పు," అన్నాడు.

అక్క గోడగడియారం కిందికి దించింది. దాని సెకన్ల ముల్లు చూస్తూ మళ్ళీ లెక్కపెట్టాడు. ఎనిమిది. "బ్యాటరీ కొత్తదా? కొత్త బ్యాటరీకి వేగంగా నడుస్తుందేమో." నేను నా చేతి గడియారం విప్పి ఇచ్చాను. ఎనిమిది. అప్పుడు మళ్ళీ స్టాప్‌వాచ్‌ని తీసుకుని వెనక్కి తిప్పాడు, ముద్ర మీది తేదీ సెలవురోజేమో చూద్దామని కాబోలు. తేదీ సరిగ్గానే ఉంది. దాని కింద ఉన్నది ఆయన సంతకం. ఏడాదికోసారి ఆ వాచ్‌ని పరీక్షించేది ఆయనే.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ ఒక్కసారి మాత్రం వంగి దాని కాళ్ళు చూడలేదు.

"పద్దెనిమిది ముక్కలు," అన్నాడు. "గోడ పక్కన అన్నేళ్ళున్న ముక్కలు. మళ్ళీ పుట్టవు. అన్నీ పాడుచేశాను."

"ఆరు మిగిలాయి బావా."

ఆయన నా వైపు తిరిగాడు. "టిక్కు పెట్టింది నువ్వే కదా?"

"నేనే."

"ఎందుకు పెట్టావ్?"

"మీరు ఐదు అనకముందే సుత్తి పడింది కదా."

"నన్నెందుకు నమ్మావే?" అన్నాడు. గొంతులో కోపం లేదు. కొక్కెం మీద ముద్ర గుద్దినవాణ్ణి అడిగినట్టు కూడా లేదు. తెలియక అడుగుతున్నట్టు ఉంది. "అందర్నీ అనుమానించడం పదకొండేళ్ళు పక్కన కూర్చోబెట్టి నేర్పితే, నా ఒక్కణ్ణి ఎందుకు వదిలేశావ్?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన్ని తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియలేదు.

మర్నాడు సెక్షన్ హెడ్డుకి తనే చెప్పాడు. ఆయన కంగారుపడ్డాడు. "మూడు సెకన్లు తేడా ఏమంత ఉంటుందండీ? రెండు నెలల్లో రిటైరవుతున్నారు, ఇన్నేళ్ళ పేరు పాడుచేసుకోవడం దేనికి?" అన్నాడు.

"నా పేరు కాపాడాలని మీకెందుకంత ఆత్రం?" అని బావ అనుమానంగా చూశాడు.

బావ తన చేత్తోనే రాశాడు. ఫలానా నంబర్ల పద్దెనిమిది ముక్కలు ఆలస్యంగా కొట్టినవి, వాటి అంకెలు చెల్లవు, కారణం కొట్టిన చెయ్యి నెమ్మదించడం, కొట్టింది నేను. కింద నేనూ ఒక వాక్యం చేర్చాను, సమయం కొలవకుండా టిక్కు పెట్టింది నేను అని. ఆయన చదివి తల ఊపాడు. తర్వాత కటింగ్ మాస్టారి దగ్గరికి తనంతట తనే వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. మాస్టారు మళ్ళీ మా వైపు రావడం మొదలుపెట్టాడు. బావ దర్జీ దగ్గరికి అక్కతో వెళ్ళాడు. డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళాడు. డాక్టరు ఆ నెమ్మదితనానికి ఒక పేరు చెప్పి, మందులు వాడితే కొంత నయమన్నాడు. ఆ డాక్టరు మీద అనుమానం వచ్చిందా అని అడిగితే, "వచ్చింది. ఇంకో డాక్టర్ని అడిగాను. ఆయనా అదే చెప్పాడు," అన్నాడు. మున్సిపల్ ఆఫీసుకి కూడా ఒక కార్డు రాశాడు. "పరిశీలించాను. సరిగ్గానే ఉంది."

మిగిలిన ఆరు ముక్కల్నీ నన్ను కొట్టమన్నాడు. మామూలు ముక్కల మీద ఏళ్ళుగా నేర్చుకున్నదాన్నే, కుండ ముక్కల్ని మాత్రం ఎప్పుడూ తాకనివ్వలేదు. వారం రోజులు స్టాప్‌వాచ్ పెట్టి నా చేత సాధన చేయించాడు. ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టాడు. అది నాకు హాయిగా ఉంది.

ఆ రోజు కటింగ్ మాస్టారు వాచ్ పట్టుకున్నాడు. నేను మరచేతుల దగ్గర నిలబడ్డాను. నా పాత కుర్చీలో, కాగితాల ముందు, బావ కూర్చున్నాడు. తొట్టిలోంచి ముక్కని తీసి, దిమ్మెల మీద పెట్టి, సుత్తి వదిలాను. చప్పుడు చిన్నగా ఉంది. విరిగిన ముఖం కిటికీలోంచి కనపడింది, నలగలేదు, సాగలేదు, బల్లపరుపుగా మెరిసింది.

"నాలుగు పాయింట్ రెండు," అన్నాడు కటింగ్ మాస్టారు.

బావ సూది చదివాడు. ఇదే చల్లదనంలో ఆయన కొట్టినప్పుడు ముప్పై నాలుగు వచ్చింది. ఇప్పుడు ఇరవై మూడు. తొమ్మిదేళ్ళూ తొమ్మిదేళ్ళలాగే గడిచాయి, కుండకి వయసొచ్చింది, హద్దులు మార్చాలి. వెనకాల సెక్షన్ హెడ్డు నిట్టూర్చడం వినిపించింది. బావ అనుమానం నిజమే, మొదటినుంచీ నిజమే. దొంగ ఎవరన్న దగ్గరే లెక్క తప్పింది.

ఆయన అంకె రాశాడు. రాయడానికి చాలాసేపు పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత, ఇరవై తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ చేయని పని చేశాడు. కాగితాన్ని నా వైపు తిప్పి, కలం దాని మీద పెట్టాడు.

"సూది చూడు. నేను రాసింది చూడు. సరిపోతేనే నీ సంతకం పెట్టు."

"మీరు రాశాక ఇంకేం చూడాలి బావా?" అనబోయి ఆగిపోయాను.

కిటికీ దగ్గరికి వెళ్ళి సూది చూశాను. వచ్చి కాగితం చూశాను. ఇరవై మూడు. సరిగ్గానే ఉంది. అయినా మళ్ళీ వెళ్ళి ఇంకోసారి చూసొచ్చాను.